చిటికెడు అడవి కారం



గుంటూరు సన్నం, వరంగల్ చపాటా, బజ్జీ మిరప, ఆఖరికి కారమే లేని కాప్సికం. మన సంతలో దొరికే ఈ కాయలన్నీ ఒకే జాతివి. ఆ జాతి ఏ అడవి మొక్క నుంచి వచ్చిందో, ఆ అడవి మొక్క ఈనాటికీ బతికే ఉంది. మెక్సికో దేశంలోనూ, దానికి ఆనుకుని ఉన్న అమెరికా దక్షిణ రాష్ట్రాల్లోనూ ముళ్లచెట్ల నీడన దానంతట అదే మొలిచి పెరుగుతుంది. అక్కడివాళ్లు దాన్ని చిల్టెపిన్ అంటారు.

ఈ పూట ఆ అడవి మిరప గురించి మాట్లాడుకుందాం. దాని కారం దేనికి పుట్టింది, అక్కడి జనం దాన్ని మందుగా ఎలా వాడుకున్నారు, నేటి వైద్యం అందులో ఏం కనిపెట్టింది, మనం ఎక్కడ జాగ్రత్త పడాలి అన్నవి చెబుతాను. నేను చెప్పదలచుకున్నదంతా ఒక్క మాటలో ఉంది. ఈ కారాన్ని కొంచెంగానే తీసుకోవాలి. ఒంట్లోకి తీసుకున్నా కొంచెమే, అడవి నుంచి తీసుకున్నా కొంచెమే.

ముందు మొక్కను చూద్దాం. చిల్టెపిన్ పొదలా పెరుగుతుంది. మన పొలంలో మిరపను ఒక్క పంటకాలం ఉంచి పీకేస్తాం. ఇది మాత్రం ఏళ్ల తరబడి బతుకుతుంది. కాయ మిరియం గింజ కంటే కాస్త పెద్దది. గుండ్రంగానో, కొంచెం కోలగానో ఉంటుంది. పచ్చిగా ఉన్నప్పుడు ముదురాకుపచ్చ రంగు, పండితే మంచి ఎరుపు. కిందికి వేలాడకుండా ఆకాశం వైపు నిలబడి ఉంటుంది. పండిన కాయకు వేలు తగిలితే చాలు, ఊడి చేతిలోకి వస్తుంది.

మెక్సికోలో ప్రాచీన మానవులు తలదాచుకున్న గుహల్లో తవ్వకాలు జరిపినప్పుడు వేల ఏళ్ల నాటి మిరప గింజలు బయటపడ్డాయి. జనం మిరపను కనీసం ఆరువేల ఏళ్లుగా తింటున్నారని వాటినిబట్టి తెలుస్తోంది. 2014లో శాస్త్రవేత్తలు తవ్వకాల ఆధారాలను, మొక్కల జన్యువులను, పాత భాషలను, ఆనాటి వాతావరణాన్ని కలిపి పరిశీలించారు. మధ్య మెక్సికోకు తూర్పు వైపున్న ప్రాంతంలో మిరప సాగు మొదలై ఉంటుందని తేల్చారు. రైతులు తరతరాలుగా పెద్ద కాయలను, తొడిమను గట్టిగా పట్టుకుని ఉండే కాయలను ఎంచి విత్తనం కట్టారు. అలా అడవి కాయ పొలం కాయ అయింది. తర్వాత పోర్చుగీసు ఓడలెక్కి మన దేశానికి వచ్చి ఐదు వందల ఏళ్లవుతోంది. అంతకు ముందు మన వంటల్లో ఘాటంతా మిరియాలది, పిప్పళ్లది.

మెక్సికో వాయవ్య భాగాన సొనోరా అనే రాష్ట్రం ఉంది. చాలా భాగం ఎడారి. వేసవిలో ఎండ నలభై డిగ్రీలు దాటిపోతుంది. ఆ ఎండలో చిల్టెపిన్ మొలక ఒంటరిగా నిలవలేదు. దానికి పెద్ద చెట్టు నీడ కావాలి. హ్యాక్‌బెర్రీ చెట్టు కిందో, మెస్కీట్ చెట్టు కిందో ఆ నీడ దొరుకుతుంది. మెస్కీట్ మన చెరువు గట్ల మీద పెరిగే సర్కారు తుమ్మకు దగ్గరి చుట్టమే. ఆ నీడ ఎండనుంచి కాపాడుతుంది, చలికాలంలో మంచునుంచీ కాపాడుతుంది. చుట్టూ ఉన్న ముళ్లకొమ్మలు పశువులను దరి చేరనివ్వవు.

మరి ఆ గింజ సరిగ్గా ఆ చెట్టు కిందికే ఎలా చేరుతుంది? ఈ ప్రశ్నకు జవాబు వెతికితే కారం ఎందుకు పుట్టిందో తెలుస్తుంది.

మిరపలోని ఘాటు పదార్థాన్ని కాప్సైసిన్ అంటారు. అది గింజల్లో తయారవుతుందని చాలామంది అనుకుంటారు. అసలు తయారయ్యేది గింజలను పట్టుకుని ఉండే తెల్లటి లోపలి భాగంలో. పాలిచ్చే జంతువుల్లో దాదాపు అన్నిటికీ ఇది నోట్లో మంట పుట్టిస్తుంది. పక్షులకు పుట్టించదు. మన మిరప చేలల్లో రామచిలుకలు పండుకాయలను హాయిగా కొరుక్కు తినడం మీలో చాలామంది చూసే ఉంటారు.

అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో జాషువా ట్యూక్స్‌బరీ, గ్యారీ నభన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు చిల్టెపిన్ పొదల దగ్గర ఈ సంగతిని పరీక్షించి చూశారు. వాళ్ల పరిశోధన 2001లో నేచర్ పత్రికలో వచ్చింది. పొదలకు కెమెరాలు పెట్టి చూస్తే కాయలు తినేది పక్షులే. వాటిలో ముఖ్యమైనది వంకర ముక్కున్న థ్రాషర్ పిట్ట. ఎడారి ఎలుకలు కారపు కాయలను ముట్టుకోలేదు. కారం లేని మిరపకాయలు పెడితే మాత్రం తినేశాయి. అయితే ఎలుకలు నమిలిన గింజల్లో ఒక్కటీ మొలవలేదు. పిట్ట కడుపులోంచి వచ్చిన గింజలు చక్కగా మొలిచాయి. తిన్న పిట్ట ఎండకు ఓర్చలేక నీడకు చేరుతుంది, గుబురు చెట్ల కింద రెట్ట వేస్తుంది. అంటే మొక్కకు ఎక్కడ నీడ కావాలో గింజ అక్కడే పడుతుంది. కారం ఎలుకను పొమ్మంటుంది, పిట్టను రమ్మంటుంది. ట్యూక్స్‌బరీ తర్వాత బొలీవియా దేశపు అడవి మిరప మీద పనిచేసి, గింజను కుళ్లబెట్టే బూజునూ కాప్సైసిన్ అడ్డుకుంటుందని 2008లో చూపించారు. ఈ రెండు సంగతులూ గుర్తుంచుకోండి. జంతువుల నరాలను తాకడం, బూజును ఆపడం మొక్క తన రక్షణ కోసం చేసుకున్న ఏర్పాట్లు. మిరపతో మనిషి చేసుకున్న వైద్యమంతా వీటిని ఆసరా చేసుకునే నడిచింది.

ఇప్పుడు ఆ వైద్యం దగ్గరికి వద్దాం.

పద్దెనిమిదో శతాబ్దంలో ఇగ్నాజ్ ఫెఫర్‌కార్న్ అనే జర్మన్ పాద్రీ సొనోరాలో పదేళ్లకు పైగా ఉన్నారు. స్వదేశం వెళ్లాక ఆ ప్రాంతం గురించి పెద్ద గ్రంథమే రాశారు. అక్కడి భోజనపు బల్లమీద ఉప్పు గిన్నెలాగే చిల్టెపిన్ గిన్నె ఉండేదట. ఎవరికి కావలసినన్ని కాయలు వాళ్లు వేళ్లతో నలిపి పళ్లెంలో చల్లుకునేవారట. మొదటిసారి అక్కడి మిరప కారం తిన్నప్పుడు ఆయనకు కళ్లనీళ్లు తిరిగాయి, నోరు భగ్గుమంది. మెల్లగా అలవాటు పడ్డారు. చిల్టెపిన్ అరుగుదలకు మంచిదని అక్కడివాళ్లు చెప్పేవారని రాశారు. ఇవాళ్టికీ సొనోరా ఇళ్లలో ఆ గిన్నె అలాగే ఉంది. దానితోపాటు గట్టి కొయ్యతో చేసిన చిన్న నూరుడు గిన్నె కూడా ఉంటుంది. చిక్కుడు గింజల కూరలో, మాంసం పులుసులో, ఎండు మాంసం వేపుడులో, జున్నులో రెండు మూడు కాయలు నలిపి వేస్తారు. పచ్చికాయలను వినిగర్‌లో ఊరబెడతారు. ఊరికి వెళ్లేవాళ్లు ఎండుకాయల చిన్న సీసా వెంట తీసుకుపోతారు.

దీని కారం మాట చెప్పాలి. ఘాటును కొలిచే స్కోవిల్ కొలతను 1912లో విల్బర్ స్కోవిల్ అనే అమెరికన్ ఔషధ శాస్త్రవేత్త తయారుచేశారు. ఆ లెక్కన చిల్టెపిన్ ఘాటు సాధారణంగా యాభై వేల నుంచి లక్ష దాకా ఉంటుంది. మన గుంటూరు సన్నం ముప్ఫై అయిదు, నలభై వేల దగ్గర ఉంటుంది. అయితే చిల్టెపిన్ మంట ఒక్కసారిగా లేచి త్వరగా తగ్గిపోతుంది. అక్కడివాళ్లకు అందులో నచ్చేది అదే.

వంటలోనే కాదు, మందుల్లోనూ దాని పేరు పాతది. కడుపునొప్పి వస్తే ఒకటి రెండు కాయలు మింగడం, జలుబుకు, దగ్గుకు వేడి పులుసులో నలిపి తాగడం, కీళ్లనొప్పులకు పైపూతగా రాయడం ఉత్తర మెక్సికో పల్లెల్లో వాడుక. పదహారో శతాబ్దంలో స్పానిష్ పాద్రీ సహగూన్, మెక్సికోలోని అజ్టెక్ జాతి పెద్దల దగ్గర విని రాయించిన గ్రంథంలో పంటినొప్పికీ దగ్గుకూ మిరపతో చేసే చికిత్సలున్నాయి. మాయా ప్రజలు చీము పట్టిన పుండ్లకు, కడుపు జబ్బులకు, ఊపిరి ఇబ్బందులకు మిరపను ఇతర మూలికలతో కలిపి వాడారు. 1996లో వెలువడిన ఒక ప్రయోగశాల పరిశోధన, మిరప రసం కొన్ని రకాల బాక్టీరియాను ఎదగనివ్వడం లేదని చూపించింది. గాజు పాత్రలో కనిపించిన ఫలితం అది. మనిషి పుండు మీద కూడా అలాగే పనిచేస్తుందని దానికి అర్థం కాదు.

మెక్సికో కొండల్లో ఉండే రరామురి తెగవాళ్లు మిరపకు రోగాన్నీ చేతబడినీ తరిమే శక్తి ఉందని నమ్మేవారు. మిరప తినని మనిషిని చూసి వీడు మంత్రగాడేమోనని అనుమానపడేవారట. మన ఇళ్లలో పసిపిల్ల ఏడుపు ఆపకపోతే ఎండుమిరపకాయలు, ఉప్పు తిప్పి దిష్టి తీసి నిప్పుల్లో వేస్తారు కదా. సముద్రాల అవతల ఉన్నవాళ్లూ మనమూ ఆ ఘాటులో ఒకే రకం బలాన్ని చూశాం.

ఆ బలం ఒంట్లో ఎలా పనిచేస్తుందో ఇప్పుడు మనకు బాగా తెలుసు. 1997లో డేవిడ్ జూలియస్ అనే అమెరికన్ శాస్త్రవేత్త బృందం, కాప్సైసిన్ వచ్చి తగులుకునే చోటును నరాల కణాల మీద కనిపెట్టింది. దాని పేరు టీఆర్‌పీవీ1. అది నిజానికి వేడిని పసిగట్టే ద్వారం. నలభై మూడు డిగ్రీల సెల్సియస్ దాటిన వేడి తగిలితే తెరుచుకుంటుంది. కాప్సైసిన్ తగిలినా తెరుచుకుంటుంది. అందుకే మిరప కొరికితే మెదడుకు నోరు కాలుతోందన్న కబురే అందుతుంది. వేడి అనుకుని ఒళ్లు చెమట పోస్తుంది. పక్షుల్లో ఈ ద్వారం కాప్సైసిన్‌కు లొంగదు. ఈ ఆవిష్కరణకు జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఇంకొక సంగతి ఉంది. అదే నరాల కొసలకు కాప్సైసిన్ మళ్లీ మళ్లీ తగిలితే అవి మొద్దుబారతాయి, నొప్పి కబురు పంపడం తగ్గిస్తాయి. హంగేరీ శాస్త్రవేత్త మిక్లోష్ యాంచో ఈ గుణాన్ని 1940లలోనే గమనించారు. కీళ్లనొప్పికి మిరప పూసిన పల్లె వైద్యానికి ఉన్న ఆధారం ఇదే. ఇవాళ మందుల షాపుల్లో 0.025 శాతం, 0.075 శాతం కాప్సైసిన్ ఉన్న పూతమందులు దొరుకుతున్నాయి. అవి ఒక్కసారి రాస్తే పనిచేయవు. రోజూ కొన్ని వారాలు రాయాలి. అగ్గిచప్పి తగ్గాక కొందరిలో నెలల తరబడి నరాల నొప్పి ఉండిపోతుంది. దానికి 8 శాతం కాప్సైసిన్ ఉన్న అంటింపు పట్టీకి అమెరికా ఔషధ సంస్థ 2009లో అనుమతి ఇచ్చింది. మధుమేహం వల్ల పాదాల్లో వచ్చే నరాల నొప్పికి 2020లో ఒప్పుకుంది. ఈ పట్టీని డాక్టరు పర్యవేక్షణలో మాత్రమే వేయాలి.

విటమిన్ సి సంగతి కూడా చెప్పుకోవాలి. పచ్చిమిరపలో అది సమృద్ధిగా ఉంటుంది. హంగేరీకే చెందిన ఆల్బర్ట్ సెంట్ గ్యోర్గీ తాను పనిచేస్తున్న ఊళ్లో పండే మిరపకాయల నుంచే విటమిన్ సిని పెద్ద మొత్తంలో తీయగలిగారు. 1937లో నోబెల్ అందుకున్నారు. అయితే ఎండబెడితే ఆ విటమిన్ చాలావరకు పోతుంది. విటమిన్ కావాలనుకునేవారు తాజా కాయనే వాడాలి.

ఇక కారం తింటే ఆయుష్షు పెరుగుతుందా? చైనాలో దాదాపు 4,87,000 మందిని ఏడేళ్ల పాటు గమనించి 2015లో ఒక పరిశీలన ప్రకటించారు. వారంలో ఆరేడు రోజులు కారం తినేవారిలో మరణాల ముప్పు, అరుదుగా తినేవారికంటే 14 శాతం తక్కువగా కనిపించింది. ఇటలీలో 22,811 మందిని పరిశీలించి 2019లో ఇలాంటి ఫలితమే చెప్పారు. ఇవి మనుషుల అలవాట్లను గమనించి చెప్పిన మాటలు. కారం వల్లే ఆయుష్షు పెరిగిందని ఇవి రుజువు చేయవు. కారం తినేవారి మిగతా తిండి, జీవన విధానం కూడా అందులో కలిసి ఉంటాయి. కాబట్టి ఆయుష్షు కోసమని కూరలో కారం పెంచుకోనక్కరలేదు.

శ్రోతలారా, ఇప్పుడు జాగ్రత్తల దగ్గరికి వద్దాం. ఈ భాగం దయచేసి శ్రద్ధగా వినండి.

కారం తింటే కడుపులో పుండు పుడుతుందన్నది పాత నమ్మకం. చాలా పుండ్లకు కారణం హెలికోబాక్టర్ అనే క్రిమి, లేదా నొప్పి మాత్రలు అతిగా వాడడం. ఆ క్రిమి సంగతి బయటపెట్టిన ఇద్దరు ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలకు 2005లో నోబెల్ వచ్చింది. కానీ పుండు అప్పటికే ఉన్నవారికి, గుండెలో మంట, పుల్లతేన్పులు ఉన్నవారికి, మొలలున్నవారికి కారం బాధ పెంచుతుంది. వాళ్లు తగ్గించుకోవాలి. పసిపిల్లలకు వద్దే వద్దు.

నోరు మండితే నీళ్లు తాగి ప్రయోజనం లేదు. కాప్సైసిన్ నీటిలో కరగదు. పాలు, పెరుగు, చిక్కటి మజ్జిగ తాగండి. పాలలోని మాంసకృత్తి ఆ ఘాటును పట్టి లాగేస్తుంది. మిరపకాయలు తుంచిన చేతులకు ముందు కాస్త నూనె రాసుకుని, తర్వాత సబ్బుతో కడుక్కోండి. ఆ చేతులతో కళ్లు తుడుచుకోకండి. మిరప పూత వేయాలనుకుంటే పగలని చర్మం మీదే వేయాలి. గాయం మీద, ముఖం మీద వేయకూడదు.

అన్నిటికంటే ముఖ్యమైనది ఇది. కుక్క కరిచిన చోట కారం అద్దే అలవాటు మన ఊళ్లలో కొన్నిచోట్ల ఇంకా ఉంది. కారం విషాన్ని లాగేస్తుందని నమ్ముతారు. ఇది ప్రాణాంతకమైన పొరపాటు. రేబిస్ వైరస్‌ను కారం చంపదు. గాయాన్ని ఇంకా రేపుతుంది, ఆసుపత్రికి వెళ్లే సమయాన్ని తినేస్తుంది. కుక్క కరిస్తే వెంటనే పారే నీటి కింద సబ్బుతో పదిహేను నిమిషాల పాటు కడగాలి. అదే రోజు దగ్గరలోని ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లి టీకా వేయించుకోవాలి. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక బతికించడం దాదాపు అసాధ్యం. తాతల నాటి వాడుకలన్నీ మందులు కావు. కీళ్లనొప్పికి మిరప పూయడం వేరు, కాటుకు కారం పెట్టడం వేరు. పరీక్షకు నిలిచినదాన్ని గౌరవంగా ఉంచుకుందాం, నిలవనిదాన్ని వదిలేద్దాం.

చివరగా మొక్క సంగతి చెప్పి ముగిస్తాను.

చిల్టెపిన్‌ను పొలంలో సాగు చేయడం తేలిక కాదు. గింజ మొండిది, మొలక లేతది, నీడ తప్పనిసరి. అందుకే ఇప్పటికీ అమ్మకానికి వచ్చే కాయల్లో ఎక్కువ భాగం కొండల్లో కోసినవే. ఏటా సెప్టెంబరు చివర్లో వానలు వెనకబట్టాక సొనోరా పల్లెల్లో కుటుంబాలు కొండలకు బయల్దేరతాయి. కాయ చిన్నది కాబట్టి రోజంతా కోసినా సంచి అంత తొందరగా నిండదు. ఎండబెట్టిన చిల్టెపిన్ అందుకే ఖరీదైనది. ఆ కొద్ది వారాల సంపాదన పేద ఇళ్లకు పెద్ద ఆసరా.

ఆ ధర చూసి కొందరు తొందరపడతారు. ఒక్కొక్క కాయా కోయడానికి ఓపిక లేక కొమ్మలు నరికి తెస్తారు. కొందరు పొదనే పీకేస్తారు. పశువుల మేత కోసం అడవి చదును చేస్తే నీడచెట్లు పోతాయి, వాటితోపాటు మిరప పోతుంది. అమెరికా అటవీ శాఖ 1999లో అరిజోనాలోని టుమకాకొరి కొండల దగ్గర అడవి మిరప కోసం ఒక ప్రత్యేక రక్షిత ప్రాంతాన్నే ఏర్పాటు చేసింది. నభన్ తదితరులు 1983లో టూసాన్ నగరంలో మొదలుపెట్టిన నేటివ్ సీడ్స్ సర్చ్ అనే సంస్థ ఈ విత్తనాలను భద్రపరుస్తోంది. టెక్సస్ రాష్ట్రం 1997లో దీన్ని తమ నేల మీద పుట్టిన అధికారిక మిరపగా ప్రకటించుకుంది.

ఎక్కడో ఎడారిలోని పొద పోతే మనకేమిటని ఎవరైనా అడగవచ్చు. మన మిరప రైతును అడగండి, చెబుతాడు. 2021లో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ మిరప చేల మీద కొత్త రకం తామరపురుగు విరుచుకుపడి పూతను రాల్చేసింది. పై ముడత, కింది ముడత, జెమిని వైరస్ ఏటా పంటను వెంటాడుతూనే ఉన్నాయి. ఎన్ని మందులు కొట్టినా అప్పులే మిగిలిన ఇళ్లున్నాయి. ఇలాంటి తెగుళ్లను తట్టుకునే గుణం కోసం ప్రపంచమంతటా విత్తన శాస్త్రవేత్తలు అడవి చుట్టాల వైపు చూస్తారు. మెక్సికోలో కొన్నిచోట్ల పెరిగే చిల్టెపిన్ మొక్కలు అక్కడి జెమిని వైరస్‌ను తట్టుకున్నట్టు పరిశోధనల్లో కనిపించింది. చిల్టెపిన్ మన సాగు మిరప జాతిదే కాబట్టి రెంటినీ సంకరం చేయడం సాధ్యమే. ఆ పొద మన పంటకు కట్టి ఉంచిన విత్తన మూట.

టెక్సస్‌లో ఉంటున్న మన తెలుగువారికి ఒక విన్నపం. మీ పెరటి కంచె వెంట, ఓక్ చెట్టు నీడన మిరియాలంత ఎర్రటి కాయలతో ఒక పొద మీరు నాటకుండానే మొలిచి ఉంటే, ముందు తెలిసినవారికి చూపించి అది మిరపేనని నిర్ధారించుకోండి. కలుపు మొక్క అనుకుని పీకేయకండి. పిట్ట విత్తిన మొక్క అది. మీకు కావలసిన నాలుగు కాయలు కోసుకుని పప్పులో నలుపుకోండి. మిగిలినవి పిట్టలకు వదలండి. అవి తిన్న గింజల్లో కొన్నైనా మరో నీడన మొలుస్తాయి.

ఇక్కడ మన ఊళ్లలో మనం చేయగలిగినదీ ఉంది. పెరట్లో, పొలం గట్టున ఇంకా మిగిలి ఉన్న నాటు మిరప రకాల విత్తనం ఏటా కొంత కట్టి ఉంచండి. ఇరుగుపొరుగుకు పంచండి. కడుపు ఒప్పుకున్నంతే కారం తినండి. నొప్పి తగ్గకపోతే మిరపను నమ్ముకుని కూర్చోకుండా డాక్టరును కలవండి. కాయ కోసినప్పుడు కొమ్మ విరవకండి.